పోసేవాళ్ళు

విస్బీ ఆసుపత్రి, కాన్పుల వార్డు, మధ్యాహ్నం. తూవా చేతికి సెలైన్ ఉంది, కిటికీ అవతల సముద్రం మీంచి వచ్చిన పొగమంచు ఉంది, పక్కన కుర్చీలో నాన్న ఉన్నాడు. మూడింట్లో ఏదీ కదిలేలా లేదు.

"ఎక్కనని చెప్పానా లేదా?"

"చెప్పావు. ఎక్కకపోతే ఎలాగో మాత్రం చెప్పలేదు."

"ఇక్కడే కంటాను. ఈ మంచం మీదే."

"తూవా, డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఇంకా రెండున్నర నెలలుంది. ఆ సెలైన్‌లో మందు నొప్పుల్ని కాసేపు ఆపుతుంది, అంతే. అంత చిన్న బిడ్డని కాపాడే యంత్రాలు ఇక్కడ లేవు, స్టాక్‌హోమ్‌లో ఉన్నాయి. మంచు విడగానే హెలికాప్టర్ వస్తుంది. ఎక్కుతావు, కళ్ళు మూసి తెరిచేలోపు అక్కడుంటావు. ఇందులో అర్థం కానిదేముంది?"

"నాకంతా అర్థమైంది. నీకే కాలేదు. బిడ్డ స్టాక్‌హోమ్‌లో పుడితే ఏమవుద్ది?"

"బతుకుద్ది."

"అది కాదు. ఏమవుద్ది? నీ లెక్కలో?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"చెప్పు నాన్నా. మన గోత్‌లాండ్ ద్వీపంలో పుట్టనివాణ్ణి ఏమని పిలుస్తావు?"

"అవతలొడ్డు మనిషి అంటాం. అదేం తిట్టు కాదు."

"తిట్టు కాదా?"

"కాదు. అవతలొడ్డున పుట్టాడు కాబట్టి అవతలొడ్డు మనిషి. ఉన్నమాట."

"యోకిమ్‌ని పెళ్ళైన దగ్గర్నించీ అదే మాట అంటున్నావు. వాడి పేరు నీకు గుర్తుందా అసలు?"

"ఎందుకు గుర్తులేదు, మా అల్లుడు."

"మీ అల్లుడు. మీ భాషా మండలికి ఇల్లు కట్టుకున్నప్పుడు నేలకి కాంక్రీటు ఎవరు పోశారు?"

"యోకిమే పోశాడు. కాదన్నానా? పైసా తీసుకోలేదు పాపం."

"పోశాక ఎక్కడ కూర్చున్నాడు? వంటింట్లో. వాడు పోసిన నేల మీద మీరందరూ కూర్చుని గూత భాషలో కబుర్లు చెప్పుకుంటుంటే వాడు వంటింట్లో కప్పులు కడుగుతున్నాడు. ఎందుకు? తలుపు మీద రాయించావు కదా, ఎర్ర రంగుతో, ఈ చివర్నించి ఆ చివరికి. ఏమని?"

"ఈ నేల మీద పుట్టినవాళ్ళే గూతర్."

"గూతర్ మాత్రమే లోపలికి."

"అది రెండో లైను. చిన్న అక్షరాలు."

"చిన్న అక్షరాలు! నా బిడ్డ ఏ లైను చదువుకోవాలి నాన్నా? మీ అందరి కాళ్ళూ దాటుకుని వంటింట్లోకి పోవాలా, వాళ్ళ నాన్న పక్కన స్టూలు మీద కూర్చోడానికి?"

"అబ్బ, నా మనవరాలిని నేను వంటింట్లో కూర్చోబెడతానా? దాన్ని గూతె అనే, మన మనిషనే అంటాను. చాలా? నేనే అంటున్నాను. ఎక్కు."

"ఇప్పుడు అవసరం కాబట్టి అంటున్నావు."

"ఎప్పుడైనా అంటాను."

"నలభై ఏళ్ళు ఒక రూలు పట్టుకుని ఊరందర్నీ సతాయించావు. ఇవాళ మధ్యాహ్నం కాఫీ తాగుతూ మార్చేశావు. నేను నమ్మాలి. నాన్నా, మా ఫోన్ కంపెనీలో ఒక్క లైను కోడ్ మార్చాలన్నా ఎందుకు మారుస్తున్నావో చూపించాలి. నాకు ఋజువు కావాలి. బయట పుట్టినా గూతె అవుతారని ఋజువు చెయ్యి, ఎక్కుతాను."

"ఆసుపత్రి మంచం మీద ఋజువేంటే!"

"నువ్వు అన్నం గిన్నె ముందు ఋజువులు చెప్పినవాడివే. నా పెళ్ళిలో కేకు కోస్తుంటే విభక్తి ప్రత్యయాల గురించి చెప్పినవాడివే. చెప్పు, ఇప్పుడేమైంది?"

"సరే, సరే. ఆగు. ఆలోచించనీ. స్కానింగ్‌లో ఏమన్నారు? ఆడపిల్లేగా?"

"ఆడపిల్లే. అయితే?"

"అయితే గొడవే లేదు! గూతె అనేది పుంలింగం. మొదట్నించీ పుంలింగమే. ఆ మాటకి స్త్రీలింగ రూపమే లేదు. కాబట్టి ఆడపిల్ల ఈ ఒడ్డున పుట్టినా ఆ ఒడ్డున పుట్టినా ఆ ప్రశ్నే రాదు. అయిపోయింది. ఎక్కు. ఏంటి, అలా చూస్తావు?"

"అంటే నేను గూతెని కాదా?"

"నువ్వా? నువ్వంటే... నీ సంగతి వేరు."

"ఎలా వేరు?"

"వాడుకలో నువ్వు గూతెవే. ఎవరన్నారు కాదని? వ్యాకరణంలోనే కొంచెం..."

"కొంచెం?"

"కొంచెం ఇబ్బంది."

"ముప్పై మూడేళ్ళు నాన్నా. బళ్ళో, సంతలో, చర్చి మెట్ల మీద, కనబడ్డవాడికల్లా 'మా అమ్మాయి అసలు సిసలు గూతె' అని చెప్పుకుని తిరిగావు. ఇప్పుడు వ్యాకరణంలో ఇబ్బందొచ్చిందా?"

"బహువచనంలో వచ్చేస్తావు. ఒక్కడైతే గూతె, పదిమందైతే గూతర్. గూతర్ అంటే ఆడా మగా అందరూ. గుంపులో నీకు చోటుంది."

"గుంపులో ఉంటే చోటుంది. ఒంటరిగా దొరికితే లేదు."

"ఆ మాటని నేను కనిపెట్టలేదు కదే! రెండు వేల ఏళ్ళ నాటిది!"

"రూలు కనిపెట్టింది నువ్వే."

"రూలు కూడా నువ్వు పుట్టకముందే, నీ కోసమే కనిపెట్టాను. మీ అమ్మ అవతలొడ్డు మనిషి. రక్తం చూసి రూలు పెడితే నువ్వు సగం పోతావు. అందుకే నేల చూసి పెట్టాను. నువ్వు మొత్తం ఉండాలని."

"అదే నేనూ అంటున్నా. నా బిడ్డ కూడా మొత్తం ఉండాలని. అందుకే ఇక్కడ కంటాను... అబ్బా!"

"నొప్పా? నొప్పొచ్చిందా? పిలవనా?"

"నొప్పి కాదు. నీ మాటలు. నా ఫోన్ ఇటివ్వు, అమ్మకి చేస్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"హెమ్సె నుంచి వచ్చే బస్సులో ఉంటుంది. కంగారుపడుద్ది."

"అమ్మా? అమ్మ కంగారుపడటం నువ్వు ఎప్పుడు చూశావు? మన ఇంట్లో కంగారు నీ డిపార్టుమెంటు."

"సిగ్నల్ ఉండదు."

"హెమ్సె బస్సులో సిగ్నల్ ఉండదా? ఎవరితో చెప్తున్నావు? నా ఉద్యోగమే అది. ఫోన్ ఎక్కడుంది?"

"కారులో. ఛార్జింగ్‌లో పెట్టా."

"తెచ్చివ్వు."

"తెస్తాలే. ముందు ఋజువు కానీ."

"అయితే ఆ బెల్ నొక్కు. ఇందాక వచ్చిన పెద్దావిడ, మైబ్రిత్ గారు, ఆవిణ్ణి పిలు. వీపు పట్టేసింది."

"ఆవిడెందుకు? చిన్న నర్సు ఉంది కదా, ఆ అమ్మాయి చురుగ్గా ఉంది."

"చిన్న నర్సుకి వీపు ఎక్కడుంటుందో కూడా తెలీదు. మైబ్రిత్ గారు నిన్ను చూసి నవ్వింది కదా. నీకు తెలుసా ఆవిడ?"

"ఈ ద్వీపంలో అందరికీ అందరూ తెలుసు. దిండు సర్దనా? ఇలా. బాగుందా?"

"బాలేదు."

"సరే. వ్యాకరణం వదిలెయ్. పుట్టుక చూద్దాం."

"నేను పొద్దున్నించీ అదే మొత్తుకుంటున్నా."

"మాట పుట్టుక తల్లీ! గూతె అన్న మాట ఎక్కణ్ణించి పుట్టింది? పోయడం నుంచి. ఇప్పటికీ మనం పోత పోయడాన్ని యూతా అంటాం కదా. యూతా, గూతె, ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. చాలామంది పండితులు ఒప్పుకున్నదే ఇది. గూతర్ అంటే పోసేవాళ్ళు. అంతే! ఆ మాటలో ఊరుందా? లేదు. నేలుందా? లేదు. ఒడ్డుందా? లేదు. ఒక పని ఉంది. ముందు మనుషులకి పేరొచ్చింది, గూతర్ ఉన్నారు కాబట్టి ఈ చోటు గోత్‌లాండ్ అయింది. మనం నేలకి పేరిచ్చాం, నేల మనకివ్వలేదు. కాబట్టి పేరు కోసం నేల మీద పుట్టక్కర్లేదు. ఎలా ఉంది?"

"ఏం పోసేవాళ్ళు?"

"ఆఁ?"

"పోసేవాళ్ళు అన్నావు. ఏం పోసేవాళ్ళు?"

"దాని మీద తగాదా ఉంది. కంచు పోత పోసేవాళ్ళని కొందరంటారు. దేవతల ముందు తేనెకల్లు ధారపోసేవాళ్ళని కొందరు. పొంగే ఏటి ఒడ్డున ఉండేవాళ్ళని ఇంకొందరు."

"ఇంకోటుంది."

"ఇంకేం లేదు."

"ఉంది నాన్నా."

"అది నీతో చెప్పేది కాదు."

"నాకు ఏడో నెల. ఆ పోత ఎలా పోస్తారో నాకు తెలుసు."

"తూవా!"

"బీజం పోసేవాళ్ళు. మగాళ్ళు. పదమూడేళ్ళప్పుడే నీ అలమార్లో చదివాను. నువ్వు ఆ పేజీ మడతపెట్టి మరీ ఉంచావు."

"పరిశోధన కోసం మడతపెట్టాను."

"సరేలే. పోసేవాళ్ళే గూతర్ అయితే, యోకిమ్ ఇప్పుడెక్కడున్నాడు?"

"స్లీతె రేవులో. పనిలో."

"పెళ్ళాం ఆసుపత్రిలో ఉంటే ఎందుకు రాలేదు?"

"నీకు తెలీదా ఏంటి? వస్తానన్నాడు కదా సాయంత్రానికి."

"నీ నోటితో విందామని. ఎందుకు రాలేదు?"

"కాంక్రీటు సగంలో ఉంది. మధ్యలో ఆపితే అతుకు దగ్గర పగులిస్తుంది."

"అంటే ఏం చేస్తున్నాడు?"

"పోస్తున్నాడు."

"వినపడలేదు."

"పోస్తున్నాడు! పోస్తున్నాడు."

"ఆ ఉద్యోగాన్ని మనం ఏమంటాం?"

"అది వేరే మాటే..."

"ఏమంటాం?"

"యూతారె."

"యూతారె. పోసేవాడు. పొద్దున్నే లేచి, బూట్లేసుకుని, రోజంతా పోసి, సాయంత్రం ఇంటికొస్తాడు. నీ పండితులందరూ కలిసి ఒప్పుకున్న ప్రకారం ఈ ద్వీపంలో నా మొగుడి కంటే గూతె ఎవడు?"

"తల్లి ఒకటే అయినా తోకలు వేరమ్మా. యూతారె నిన్నగాక మొన్న పుట్టిన మాట. గూతె చాలా పాత..."

"తల్లి ఒకటే అయితే చుట్టమే. చుట్టాన్ని వంటింట్లో కూర్చోబెట్టావు."

"నేను అతని గురించి మాట్లాడట్లేదు, బిడ్డ గురించి మాట్లాడుతున్నా!"

"బిడ్డ అతందే నాన్నా. ఆ కాంక్రీటు బూట్లతో వచ్చే మనిషిదే. చూడు, నీళ్ళోసుకున్నది నేను. కాంక్రీటు పోసేది నా మొగుడు. పురుడు పోసేది మైబ్రిత్ గారు. ఇంతకీ నువ్వేం పోస్తావు? చెప్పు, మండలి అధ్యక్షుడివి కదా."

"కాఫీ."

"అది కూడా చల్లారిపోయింది."

"ఇంకోటి తెస్తానుండు."

"కూర్చో. తప్పించుకోకు. ఫోన్ తేవడానికి లేవని కాళ్ళు కాఫీకి లేస్తున్నాయా?"

"నేనెక్కడ తప్పించుకుంటున్నా? ఇక్కడే చచ్చినట్టు కూర్చున్నా. తూవా, కిటికీ చూడు. ఆ చర్చి గోపురం ఇందాక లేదు. ఇప్పుడు కొస కనపడుతోంది. మంచు విడిపోతోంది. మనకి టైము లేదు."

"నీకు లేదు. నేను తీరిగ్గానే ఉన్నా."

"మొండిఘటం."

"ఎవరి కూతుర్ని?"

"సరే, చివరిది. ఇది గట్టిది. పాత కథ గుర్తుందా? జనం పెరిగిపోయి ద్వీపం సరిపోకపోతే చీట్లేశారు. ప్రతి ముగ్గురిలో ఒకళ్ళు వెళ్ళిపోవాలి. పెళ్ళాం పిల్లల్తో, సామాన్లతో పడవలెక్కి పోయారు. సముద్రం దాటి, నదులు దాటి, గ్రీకు దేశం దాకా. వాళ్ళ పిల్లలు ఎక్కడ పుట్టారు? పడవల్లో, బళ్ళమీద, పరాయి ఏటి గట్ల మీద. మరి వాళ్ళ పేరేమైనా మారిందా? గోత్ జనం అనే లోకమంతా పిలిచింది."

"ఆ గోత్ జనం ఇక్కణ్ణించి వెళ్ళినవాళ్ళేనని ఇంకా తేలలేదని చెప్పింది ఎవరు? నువ్వే. టీవీ వాళ్ళొస్తే వాళ్ళ మీద అరిచావు కూడా, కథని చరిత్ర చేస్తున్నారని."

"కథ వదిలెయ్. తోక చూడు."

"ఏం తోక?"

"మాట తోక. ఆ బయటి జనం పేరు రోమన్లు ఎలా రాసుకున్నారు? గూతొనెస్. రొమేనియాలో మట్టిలో దొరికిన బంగారు కడియం మీద ఏం చెక్కారంటారు? గూతని. రెండింట్లో నీకేం వినపడింది?"

"న."

"న! అదీ అసలు తోక. మొట్టమొదట బహువచనంలో ఆ న ఉండేది. ఇప్పుడు మనల్ని మనం ఏమనుకుంటాం?"

"గూతర్."

"న ఏదీ?"

"లేదు."

"లేదు! పోగొట్టుకున్నాం. ఇంటిపట్టున కూర్చుని పోగొట్టుకున్నాం. దాని బదులు పక్క మాటలకున్న ర ని తెచ్చి అతికించుకున్నాం. పడవెక్కి పోయినవాళ్ళు మాత్రం ఆ న ని మూటగట్టుకుపోయి, వందల ఏళ్ళు దాచుకున్నారు. ఇప్పుడు చెప్పు, అసలు పేరు ఎవరి దగ్గరుంది? ఉన్నవాళ్ళ దగ్గరా, వెళ్ళినవాళ్ళ దగ్గరా?"

"వెళ్ళినవాళ్ళ దగ్గర."

"ఇదీ ఋజువు. నేల కాపాడలేదు. నేల మీదున్న మనమే మార్చేశాం."

"ఇది నీకు ఎప్పట్నించి తెలుసు?"

"చాలా ఏళ్ళబట్టి."

"మండలిలో ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే తలుపు మీద రాసింది ఏమవ్వాలి?"

"నాన్నా! నువ్వు మామూలోడివి కాదు."

"అయితే ఎక్కుతావు కదా?"

"ఎక్కను."

"మళ్ళీ ఏమొచ్చింది!"

"ఆ న ని దాచుకున్నవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?"

"అంటే?"

"అంటే, ఒక్కడు. ఒక్కణ్ణి చూపించు. ఆ భాష మాట్లాడేవాడు, ఆ పేరు పెట్టుకున్నవాడు ఒక్కడు. లేరు కదా? పరాయి దేశాల్లో కలిసిపోయారు. కరిగిపోయారు. అసలు తోకతో సహా పోయారు. మనం తోక తెగినా బతికున్నాం. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు నాన్నా. ఒక్కరూ రాలేదు. ఇది కూడా నీ దగ్గరే నేర్చుకున్నా."

"తూవా, ఇటు చూడు. నీకు భయమేస్తోందా?"

"లేదు."

"నా వైపు చూసి చెప్పు."

"భయమేయకుండా ఎలా ఉంటుంది? అరచేతిలో పట్టేంత ఉంటుందట. అద్దాల పెట్టెలో పెడతారట. ఎన్నాళ్ళో తెలీదు. అక్కడ నాకెవరున్నారు? ఒంటరిగా కూర్చుని ఆ పెట్టెకేసి చూస్తుంటాను. సరే, చూస్తాను. అంతా అయ్యి, బతికి బట్టకట్టి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఓడలో ఇంటికొచ్చాక, అది పెద్దయ్యి మొదటిసారి అక్షరాలు కూడబలుక్కుని చదివేది ఏంటి? నీ తలుపు. అదే నాకు కోపం."

"తలుపు తీయించేస్తాను."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏంటి? తీయించెయ్యమంటున్నావు, తీయించేస్తాను!"

"నేనడిగానని కాదు. నిన్ను నేను ఎరుగుదును. నేను అడిగితే తీసి, నేను అటు తిరగ్గానే బిగిస్తావు. నలభై ఏళ్ళుగా నమ్మింది తప్పని నువ్వు అనుకోవాలి. అనుకోవడానికి కారణం కావాలి. న ని బట్టి రూలు తీసేసేవాడివైతే ఎప్పుడో తీసేసేవాడివి. నిన్ను కదిపే కారణం ఒక్కటి చెప్పు."

"కారణం ఉంది."

"ఏంటి?"

"ఉందంటున్నా కదా."

"ఉంటే చెప్పు!"

"అన్నీ చెప్పేవి కావే! కన్నతండ్రి మాట నమ్మొచ్చు కదా ఒక్కసారి, ఋజువులు లేకుండా! ఏం పిల్లవి నువ్వు? బయట హెలికాప్టర్ చప్పుడు వినపడుతోంది, వినపడుతోందా? నీ కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకుంటా. ఎక్కు తల్లీ, ఎక్కు."

"కాళ్ళు వద్దు. కారణం కావాలి."

"నా వల్ల కాదు!"

తలుపు తోసుకుని మైబ్రిత్ వచ్చింది, చక్రాల కుర్చీతో.

"ఏంటి మాస్టారూ ఆ కేకలు? కారిడార్ చివరికి వినపడుతున్నాయి. ఏమ్మా తూవా, మంచు విడిపోయింది, హెలికాప్టర్ దిగింది. ఇంకా దుప్పటి కప్పుకునే ఉన్నావేంటి?"

"నేను రాను మైబ్రిత్ గారూ."

"రావా?"

"తూవా, ఆవిణ్ణి విసిగించకు. మైబ్రిత్ గారూ, మీరెళ్ళండి, నేను మాట్లాడి తీసుకొస్తాను. రెండు నిమిషాలు. మీరెళ్ళండి."

"నాకు ఇక్కడే కనాలనుంది. గూతె ఇక్కడే పుట్టాలి. మా నాన్ననే అడగండి."

"ఓరి దేవుడా! అచ్చు మీ అమ్మే. అన్నెలీ కూడా ఇలాగే ఈ మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కోటీ విడదీసి ఎక్కించాను నేను."

"మా అమ్మనా? ఎక్కడికి?"

"మైబ్రిత్ గారూ..."

"ఎక్కడికేంటి, స్టాక్‌హోమ్‌కి! అప్పుడు నేను కొత్తగా చేరాను. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉంది. అక్కడ దిగామో లేదో, లిఫ్టులోనే పుట్టేశావు నువ్వు, పై అంతస్తుకి చేరే వరకూ కూడా ఆగలేదు. పిడికెడంత ఉన్నావు. ఇప్పుడు చూడు, నా దగ్గరే మొండికేస్తున్నావు! మాస్టారూ, ఇదంతా చెప్పి ధైర్యం చెప్పొచ్చు కదండీ పిల్లకి? అదేంటి, అలా గోడకేసి తిరిగారు?"

"నాన్నా, ఇటు తిరుగు."

"కాగితాల్లో తల్లి అప్పుడు కాపురమున్న ఊరే రాస్తారు. ఎక్కడ పుట్టిందీ రాయరు. నువ్వు చిన్నప్పుడు అడిగినప్పుడు... నేను అప్పటికే మండలిలో..."

"నువ్వు మాట్లాడకు. ఆ సెలైన్ స్టాండు పట్టుకో, పడేయకుండా. మైబ్రిత్ గారూ, కుర్చీ ఇటు తిప్పండి, వెళ్దాం. పురిటికి పుట్టింటికే కదా వెళ్ళాల్సింది."